గూడెం కాపీ

ఏలూరు కృపాలయం ఆసుపత్రిలో ఆనంద్ పాల్‌ని ఎరగనివాళ్లు లేరు. అతను చేసే పని ఏమిటో తెలిసినవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "కంప్యూటర్లు చూస్తారండీ" అనేవాళ్లు. ప్రింటరు కాగితం నమిలేస్తే అతనే, డాక్టరుగారి ఫోన్లో మనవరాలి ఫొటోలు తెరుచుకోకపోతే అతనే, ఆదివారం చర్చిలో మైకు కీచుమంటే అతనే. ఎవరు పిలిచినా "వస్తున్నానండీ" అనేవాడు, నిజంగానే వెళ్లేవాడు. అన్నం కంచం ముందు నుంచి లేచి వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి. భార్య సువర్ణ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. "మీరు ఆసుపత్రిని పెళ్లి చేసుకోవాల్సిందండీ, నన్నెందుకు చేసుకున్నారు" అని దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ మెతకదనం తండ్రి నుంచి వచ్చింది. తండ్రి ఇదే ఆసుపత్రిలో జీపు డ్రైవరు. ఒకసారి బ్రేకులు సరిగ్గా పట్టడం లేదని తెలిసి కూడా, డాక్టరుగారు ఎక్కి కూర్చున్నాక దిగమని చెప్పలేక, కైకరం దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాడట. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. నిజానికి నవ్వాల్సిన సంగతేం కాదు. పెద్దవాళ్లకి ఎదురు చెప్పడం కన్నా చావడం సులువనుకునే మనుషులు మన దగ్గర బోలెడంతమంది ఉన్నారు. వాళ్లని మంచివాళ్లంటాం.

ఆనంద్ పాల్ తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివి, అక్కడే ఒక కంప్యూటర్ కోర్సు చేసి, కృపాలయంలో ఓపీ చీటీలు టైపు చేసే పనికి కుదిరాడు. చీటీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లు ఎక్కువై సర్వరు వచ్చింది. అప్పటికి ఆసుపత్రిలో ఆ పెట్టె మూత తీసి చూసే ధైర్యం ఉన్నవాడు ఇతనొక్కడే కాబట్టి అది ఇతని నెత్తిన పడింది. రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాడు. చెడగొట్టి నేర్చుకున్నాడు. నలభై దాటేసరికి ఆ పనిలో గట్టివాడే అయ్యాడు.

కృపాలయానికి ఏలూరులో పెద్దాసుపత్రి, అందరూ గూడెం అనే తాడేపల్లిగూడెంలో చిన్నాసుపత్రి ఉన్నాయి. రోగుల వివరాలన్నీ ఏలూరు సర్వర్లో ఉంటాయి. అక్కడ రాసిన ప్రతి మాటా రెప్పపాటులో గూడెం సర్వర్లోకి నకలవుతుంది. గూడెం డాక్టరు ఏదన్నా రాసినా అది ముందు ఏలూరు వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ గూడెం కాపీలోకి వస్తుంది. ఏలూరు సర్వరు ఎప్పుడన్నా పడిపోతే గూడెం సర్వరు లేచి ఇంటి పెద్దగా నిలబడాలి. ఆ తర్వాత ఏలూరు మళ్లీ బతికి వచ్చినప్పుడు వెంటనే పెద్దరికం లాక్కోకూడదు. తను పడి ఉన్నప్పుడు ఏం జరిగిందో గూడెం దగ్గర ఒక్కొక్కటే తెలుసుకుని, రెండు కాపీలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటయ్యాకే మళ్లీ పెద్దవాలి. ఈ పనిలో పాటించాల్సింది ఒకే ఒక్క నియమం. ఏ సమయంలోనైనా రాసే చోటు ఒకటే ఉండాలి. ఆనంద్ పాల్ ఈ నియమాన్ని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ వాళ్లు ఆవలించేదాకా చెప్పేవాడు.

ఎందుకంటే కృపాలయం కాగితాలు మానేసింది. రోగి చేతికి ఒక నంబరు ఇస్తారు, అంతే. ఏలూరులో చూపించుకున్నా గూడెంలో చూపించుకున్నా ఆ నంబరు కొడితే మనిషి చరిత్రంతా తెర మీదికి వస్తుంది. పడని మందు ఏదన్నా ఉంటే అన్నిటికన్నా పైన ఎర్రటి అక్షరాలతో కనబడుతుంది. ఆ ఎర్రక్షరాలు పెట్టించింది కూడా ఆనంద్ పాలే. నర్సులు హడావిడిలో ఉంటారు, చూపు ముందు దాని మీదే పడాలి అని పట్టుబట్టి పెట్టించాడు.

ఆ ఏడు వానాకాలం చివర్లో తమ్మిలేరు పొంగింది. కింద కొల్లేరు అప్పటికే నిండి నీళ్లు ఎగదన్నుతున్నాయి, పై నీరు పోయే దారి లేదు. తెల్లారేసరికి కృపాలయం వరండాలో మోకాలి లోతు నీళ్లు. సర్వరు గది కింద అంతస్తులో ఉంది. పైకి మార్పించమని ఆనంద్ పాల్ రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. అడిగాడంటే గట్టిగా అడిగాడని కాదు, "వీలైతే చూడండి సార్" అన్నాడు. నీళ్లు గుమ్మం దాటుతుంటే కరెంటు తీసేసి, వార్డు బాయ్‌లతో కలిసి ఆ పెట్టెని భుజాల మీద మేడ మీదికి మోయించాడు. మెట్ల మీద నిలబడే గూడెంలో సిస్టమ్స్ చూసే లిడియాకి ఫోను చేశాడు.

"అమ్మా లిడియా, ఏలూరు ఆపేశాం. ఇప్పట్నించీ మీదే పెద్ద. నేను చెప్పినట్టు ఒక్కొక్కటీ కొట్టు."

"అయ్యబాబోయ్, మాదాండీ?" అంది లిడియా. భయపడుతూనే, అతను చెప్పినవన్నీ తప్పు లేకుండా కొట్టింది. గూడెం సర్వరు పెద్దయింది. అక్కడి డాక్టర్లు రాసేవన్నీ అక్కడే నిలవడం మొదలైంది. అంతవరకూ ఏ లోపమూ లేదు.

తప్పు మర్నాడు జరిగింది. మేడ మీద జనరేటరు పెట్టారు. పడవల మీద రోగులు వచ్చి పడుతున్నారు. రోడ్డు కింద కేబులు కోసుకుపోయి ఏలూరుకీ గూడేనికీ మధ్య లైను లేదు, ఫోన్లు ఉంటే ఉన్నాయి, పోతే పోయాయి. సూపరింటెండెంటు డాక్టర్ ఇమ్మానుయేలు రెండు రోజులుగా కన్ను మూయని మనిషి, తడిసిన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వచ్చి ముందు నిలబడ్డాడు.

"బాబూ, పెట్టె పైకి తెచ్చాం కదా. వేసెయ్యి. లోపలున్న పేషెంట్లకి ఏం మందులు నడుస్తున్నాయో తెలియక చేతులు కట్టేసినట్టుంది."

"చూడ్డానికైతే వేస్తానండీ సార్. రాయడానికి వద్దండీ. రాసేది ఇప్పుడు గూడెంలో..."

"రాయకుండా ఎలా బాబూ? వచ్చేవాళ్లని ఎక్కడ రాసుకోమంటావ్, గోడ మీదా?"

ఆయన అడిగింది అన్యాయం కాదు. మనుషులు నీళ్లు కారుతూ వరసలో నిలబడి ఉన్నారు. ఆనంద్ పాల్ రెండు క్షణాలు ఆలోచించి, "సరేనండీ" అని రాతకి కూడా తెరిచాడు. ఇంటికి ఇద్దరు పెద్దలయ్యారు. వరద రోజులన్నీ ఏలూరు తన రాత తను రాసుకుంది, గూడెం తన రాత తను రాసుకుంది, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. లైను వచ్చాక కూర్చుని రెండూ కలుపుతాను అనుకున్నాడు. ఓపిగ్గా కూర్చుంటే కలపగలడు కూడా.

ఆ రోజుల్లోనే పెంటపాడు పక్క పల్లె నుంచి కనకరత్నం అనే ఆవిడని కూతురు గూడెం చిన్నాసుపత్రికి తీసుకొచ్చింది. చేలో నీళ్లు తోడుతుంటే కాలికి ఏదో గుచ్చుకుని, పిక్క దాకా వాచి, జ్వరం వచ్చింది. డాక్టరు యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేయించాడు. మందు లోపలికి వెళ్లీ వెళ్లకముందే ఆవిడ గొంతు మూసుకుపోయి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయింది. గూడెం వాళ్లు చెమటలు కక్కుతూ బతికించారు. వేరే మందు వేసి వాపు తగ్గించి పంపేటప్పుడు డాక్టరు కూతురితో చెప్పాడు.

"ఈ జాతి ఇంజక్షన్ అమ్మకి జన్మలో వెయ్యకూడదమ్మా. కంప్యూటర్లో ఎక్కించాం. మన ఆసుపత్రి ఏదైనా, నంబరు చెబితే వాళ్లకే కనపడతాది."

ఎక్కించారు, నిజమే. ఎర్రక్షరాలతోనే ఎక్కించారు. గూడెం కాపీలో.

కనకరత్నం భర్త తాతాజీ అప్పుడు అక్కడ లేడు. కొల్లేరు అంచున ఒకరి చేపల చెరువుకి కాపలా ఉంటాడు. వరదకి గట్టు తెగి చెరువేదో కొల్లేరేదో తెలియకుండా అయిపోతే, షెడ్డు కప్పు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు తీశాక, ఎలా ఉన్నాడో చూద్దామని కాలు పూర్తిగా మానకుండానే కనకరత్నం బస్సెక్కి మొగుడి దగ్గరికి వెళ్లింది. వద్దంటే వినలేదని కూతురు తర్వాత అందరికీ చెప్పుకుని ఏడ్చింది.

వరద తీసింది, బురద ఎత్తారు, కేబులు అతికారు. గూడెంతో లైను వచ్చింది. ఆనంద్ పాల్ సూపరింటెండెంటు గదికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, ఒక్క రోజు ఇవ్వండి సార్. ఆ ఒక్క రోజూ ఏలూర్లో ఏమీ రాయకుండా ఆపితే రెండూ కలిపేస్తాను."

డాక్టర్ ఇమ్మానుయేలు ఇబ్బందిగా చూశాడు. "రేపు పొద్దున్నే కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నాం కదా బాబూ. ప్రసన్నకుమారమ్మగారు ముదినేపల్లి నుంచి వచ్చేశారు కూడా. అమ్మగారి చేతుల మీదుగా సిస్టమ్ మళ్లీ మొదలుపెట్టిద్దామని చెప్పేశాను. ప్రార్థన అయిపోగానే నీ ఇష్టం, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో."

ప్రసన్నకుమారి కృపాలయంలో ముప్పై ఏళ్లు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన డాక్టరమ్మ. ఆనంద్ పాల్ పుట్టింది ఆవిడ చేతుల్లోనే. మన దగ్గర గడ్డివాము వేసినా ఎవరో ఒక పెద్ద చెయ్యి పడాలి. కొత్త మంచం వచ్చినా రిబ్బను కట్టాలి. నీళ్లలో మునిగి తేలిన ఆసుపత్రికి మాత్రం పూజ్యులు వచ్చి మీట నొక్కకుండా ఎలా కుదురుతుంది? ఆనంద్ పాల్‌కి చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కలపకుండా తెరవకూడదు సార్ అనాలి. అనలేకపోయాడు. "సరేనండీ" అన్నాడు.

ఆ రాత్రి చేయగలిగింది చేశాడు. గూడెంలో వరద రోజులు రాసినవన్నీ విడిగా ఒక కాపీ తీసి దాచాడు. ఏలూరుని మళ్లీ పెద్దని చేసి, గూడెం మీద ఏలూరు కాపీని దించాడు. దాంతో గూడెం తెరల మీద నుంచి గూడెం రాసుకున్నది తుడిచిపెట్టుకుపోయింది. పోలేదు, దాచిన కాపీలో ఉంది. ప్రార్థన అవగానే కూర్చుని అందులోంచి ఒక్కొక్కటీ ఏలూరులోకి ఎక్కిస్తాడు. సాయంత్రానికల్లా అయిపోతుంది. ఒక్క పూటే కదా అనుకున్నాడు.

పొద్దున్న లిడియా ఫోను చేసింది.

"ఏవండీ, ఇక్కడ మావన్నీ కనపట్టం లేదండీ. వార్నింగులు కూడా ఎక్కించామండీ మేము. మీరు చూసుకుంటారు కదండీ?"

"చూసుకుంటాలేమ్మా. నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

"అదేనండీ. ఊరికే అడిగానండీ. ఏమనుకోకండీ."

కనకరత్నం గొంతు మూసుకుపోతుంటే కళ్లారా చూసిన పిల్ల అది. ఆవిడ పేరు చెప్పి అరిచి ఉండాల్సింది. అరవడం మర్యాద కాదు కాబట్టి, ఏమనుకోకండీ అని పెట్టేసింది.

మేడ మీద హాల్లో కుర్చీలు వేశారు. పాస్టరుగారు జలప్రళయం నాటి నోవహు దినాల దగ్గర మొదలుపెట్టి కృపాలయం గోడల దాకా వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. ఎనభై దాటిన ప్రసన్నకుమారమ్మగారిని చెయ్యి పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. ఆవిడ ఆనంద్ పాల్ మొహంలోకి చూసి నవ్వింది.

"అంతా సరిగ్గా అయిందా నాన్నా?"

"అయిందండీ అమ్మగారూ."

ఆవిడ మీట నొక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. కేకు ముక్కా మిక్చరూ ఉన్న ప్లేట్లు పంచారు. ఆనంద్ పాల్ ప్లేటు ముట్టుకోకుండా పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని పని మొదలుపెట్టాడు.

ముందు కొత్తవాళ్ల సంగతి తేల్చాలి. రెండు చోట్లా రాసుకున్నారు కాబట్టి, వరదలో చేరిన కొత్త రోగులకి ఏలూరూ గూడెమూ ఒకే నంబర్లు ఇచ్చేశాయి. గూడెంలో పుట్టిన పసిపిల్లకీ ఏలూరులో కాలు విరిగిన ముసలాయనకీ ఒకటే నంబరు. అవి విడదీయకుండా మిగతాది ఎక్కిస్తే ఒకరి రోగం ఇంకొకరికి అంటుకుంటుంది. పాత రోగుల మీద రాసినవి ఆ తర్వాత. కనకరత్నం పాత రోగి. ఆవిడ నంబరు ఎప్పుడో కాన్పు నాటిది. ఆవిడ వరస మధ్యాహ్నానికి వస్తుంది. అతను వేసుకున్న వరస సరైనదే. ఆ పని తెలిసినవాడు ఎవడైనా అదే వరసలో చేస్తాడు.

అతను అక్కడ నంబర్లు విడదీస్తుండగా, కింద కాజువాలిటీ ముందు ఆటో ఆగింది. తాతాజీ భార్యని రెండు చేతుల మీదా ఎత్తుకుని దిగాడు. కాలు మళ్లీ వాచి, జ్వరంతో ఒళ్లు పేలిపోతూ, కనకరత్నం పిలిస్తే పలకడం లేదు. డ్యూటీలో ఉన్న నర్సు జ్యోత్స్న ఉంగుటూరు పిల్ల, ట్రైనింగు ముగించి చేరి ఏడాది అయింది.

"బాబాయిగారూ, ఈవిడకి పడని మందులు ఏవన్నా ఉన్నాయాండీ?"

"నాకు తెలవదమ్మా. నేను సెరువు కాడ ఉండిపోయాను. గూడెంలో సూపించారంట. అన్నీ కంప్యూటర్లో ఉంటాయన్నారంట, నంబరు సెబితే సాలన్నారంట. ఇదిగో నంబరు."

జ్యోత్స్న నంబరు కొట్టింది. కాన్పు, ఆ తర్వాత ఎప్పుడో కామెర్లు. పైన ఎర్రటి అక్షరాలేవీ లేవు. డాక్టరు రాసిన ఇంజక్షన్ తీసి, నేర్పినట్టే ముందు చర్మం కింద చుక్క వేసి చూసింది. ఏమీ పొంగలేదు. ఒక్కోసారి అలా మోసం చేస్తుంది, ఎవరూ చేయగలిగింది లేదు. అప్పుడు మందంతా ఎక్కించింది.

కనకరత్నం మళ్లీ లేవలేదు. డాక్టర్లంతా పరుగున వచ్చారు, చేయాల్సినవన్నీ చేశారు. అప్పటికే జ్వరంతో అలిసిపోయిన ప్రాణం నిలవలేదు. కింద ఏడుపు వినబడింది. ఆసుపత్రిలో ఏడుపు ప్రతిరోజూ వినబడుతుంది, ఆనంద్ పాల్ తల ఎత్తలేదు. భోజనాల వేళ దాటాక పాత రోగుల వంతు వచ్చింది. ఒక్కొక్క రాతనీ అది రాసిన నాటి తేదీతో, అది రాసిన నాటి సమయంతో ఏలూరులోకి ఎక్కించాడు. పద్ధతి అదే. ఏనాటి మాట ఆనాటిదిగానే కనబడాలి. కనకరత్నం పేరు కూడా అందరితో పాటు వెళ్లిపోయింది. అన్నీ కలిశాయి. రెండు కాపీలూ సరిచూశాడు, అక్షరం తేడా లేదు. చాలా రోజుల తర్వాత హాయిగా వెనక్కి వాలాడు.

సాయంత్రం డాక్టర్ ఇమ్మానుయేలు పిలుస్తున్నాడంటే కాజువాలిటీకి వెళ్లాడు. కంప్యూటరు చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. జ్యోత్స్న గోడకి ఆనుకుని ఉంది. తెర మీద కనకరత్నం చరిత్ర, అన్నిటికన్నా పైన ఎర్రటి అక్షరాలు.

"ఇంత పెద్దగా ఉంది కదమ్మా," అంటున్నాడు డాక్టర్ ఇమ్మానుయేలు. కోపంగా కాదు, అలిసిపోయి అంటున్నాడు. "చూడకుండా ఎలా వేశావమ్మా?"

"అప్పుడు లేదండీ సార్. దేవుడి తోడండీ, లేదండీ."

"ఆనంద్ పాల్, ఈ వార్నింగు ఎప్పుడెక్కిందో చూడు."

ఆనంద్ పాల్ వంగి చూశాడు. చూడగానే అతనికి అంతా తెలిసిపోయింది. ఆ ఎర్రక్షరాల పక్కన వరద నాటి తేదీ ఉంది, తను పెట్టిన తేదీ. మధ్యాహ్నం దాకా ఆ మాట ఈ ఊళ్లో లేదని ఈ గదిలో తనకొక్కడికే తెలుసు. అందరూ తన వైపే చూస్తున్నారు. నోరు తెరిచాడు.

"వరదప్పుడు ఎక్కిందండీ. గూడెంలో" అన్నాడు.

అబద్ధం కాదు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంకొక్క వాక్యం చెప్పాలి. చెప్పడానికి ఊపిరి తీసుకున్నాడు, ఆ ఊపిరి అలాగే ఉండిపోయింది.

గుమ్మం దగ్గర నుంచి తాతాజీ నెమ్మదిగా లోపలికి వచ్చాడు. లుంగీకి ఇంకా చెరువు బురద ఉంది. అరుస్తాడనుకున్నారు, మీద పడతాడనుకున్నారు. జ్యోత్స్న ఎదురుగా నిలబడి, కూతుర్ని అడిగినట్టు అడిగాడు.

"నువ్వు సూళ్లేదా అమ్మా?"

జ్యోత్స్న ఆయన్ని చూసింది, తెరని చూసింది. ఏడుస్తూ నేల మీద కూలబడిపోయింది. డాక్టర్ ఇమ్మానుయేలు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "హడావిడిలో కళ్లు దాటిపోతుందమ్మా. మనుషులం. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చి ఇంటికెళ్లు" అన్నాడు. ఆయన దయగానే అన్నాడు. రాసిచ్చింది. వార్నింగు ఉంది, నేనే చూళ్లేదు అని, తెర మీద కనబడుతున్నదాన్నే రాసిచ్చింది.

ఇంటికి వచ్చిన ఆనంద్ పాల్ అన్నం ముట్టలేదు. ఏమిటని సువర్ణ అడగ్గా అడగ్గా చెప్పాడు. ఆవిడ విని కంచం మీద మూత పెట్టింది.

"ఆ పిల్ల ఇవాళ ఎలా పడుకుంటుందండీ?" అంది. అంతకన్నా అనాల్సింది లేదు.

మర్నాడు ఆసుపత్రి తెరవకముందే వెళ్లి సూపరింటెండెంటుకి మొత్తం చెప్పాడు. సర్వరు తనలో తను రాసుకునే గుర్తుల్లో, ఏ మాట ఏ పూట ఏలూరులోకి వచ్చిందో ఉంటుంది. అవి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టర్ ఇమ్మానుయేలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ అమ్మాయి ఒప్పుకుంది కదా బాబూ."

"చెయ్యని తప్పు ఒప్పుకుందండీ. తప్పు నాదండీ. కలపకుండా తెరిచాను."

"తెరవమన్నది నేను" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాడు దొరికితే బాగుండును, తిట్టుకుని పడుకునేవాళ్లం. ఆసుపత్రి కమిటీకి మళ్లీ రాస్తానన్నాడు, రాశాడు. తాతాజీకి తనే స్వయంగా వెళ్లి చెబుతానన్నాడు, పెంటపాడు పక్క ఆ పల్లెకి వెళ్లి చెప్పాడు. ఆనంద్ పాల్‌ని విచారణ అయ్యేదాకా పనికి రావద్దన్నారు. అతను దానికి ఎదురు చెప్పలేదు, చెప్పాల్సింది లేదు కూడా. ప్రింటు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఉంగుటూరు బస్సెక్కాడు.

జ్యోత్స్న వాళ్ల ఇల్లు కాలవ గట్టు మీద ఉంది. తల్లి కూలి పనికి పోకుండా కూతురి పక్కనే కూర్చుని ఉంది. కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది. జ్యోత్స్న గోడ వైపు తిరిగి కూర్చుంది. తల దువ్వుకోలేదు.

"జ్యోత్స్నా, నీ తప్పేం లేదమ్మా" అన్నాడు ఆనంద్ పాల్. మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. గూడెం కాపీ సంగతి, ప్రార్థన సంగతి, తను మధ్యాహ్నం ఎక్కించిన సంగతి అన్నీ చెప్పాడు. కాగితాలు విప్పి వేలు పెట్టి చూపించాడు. "నువ్వు నంబరు కొట్టినప్పుడు అక్కడ ఏమీ లేదమ్మా. నువ్వన్నదే నిజం. పెద్ద డాక్టరుగారికి కూడా చెప్పేశాను. నీ మీద ఏమీ రాదు."

తల్లి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "విన్నావా అమ్మా? సారుగారు ఏం చెబుతున్నారో విన్నావా?"

జ్యోత్స్న ఇటు తిరిగింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. కాగితాల వైపు చూడలేదు. అతని వైపు జాలిగా చూసింది.

"మీరు చాలా మంచివారండీ. ఎవరు ఏం అడిగినా చేస్తారు, నాకు తెలుసండీ. నా ఉద్యోగం పోతుందని మీ మీద వేసుకుంటున్నారు."

"కాదమ్మా, నిజంగానే..."

"లేదండీ. నాకు బాగా గుర్తొచ్చిందండీ. నిన్న భయానికి లేదన్నాను. రాత్రంతా ఆలోచించాను. నంబరు కొట్టాను, పైన ఎర్రగా వచ్చింది. గూడెం అని కూడా ఉంది. చూశానండీ. ఆ బాబాయిగారు కంగారు పెడుతుంటే చదవకుండా కిందికి పోయాను. కళ్లు మూసుకుంటే ఇప్పుడు కూడా కనపడతన్నాదండీ."

ఆనంద్ పాల్ మళ్లీ చెప్పాడు. గట్టిగా చెప్పాడు. జీవితంలో ఎవరి దగ్గరా అంత గట్టిగా మాట్లాడి ఎరగడు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. జ్యోత్స్న అంతా విని, ఆ కాగితాలు తీసుకుని, నెమ్మదిగా మడిచి అతని చేతిలోనే పెట్టేసింది.

"మీరు ఎన్ని కాగితాలు తెచ్చినా, నేను చూసింది చూడనిదైపోదు కదండీ" అంది.